రెండో తెర ఎందుకు నల్లబడింది?

మా ఇంట్లో ఒక వీడియో ఉంది. నిడివి 47 నిమిషాలు. అందులో మా నాయనమ్మ చాప మీద కూర్చొని మాట్లాడుతూ ఉంటుంది. 1994లో మా నాన్న ఫిజీ వెళ్లినప్పుడు, బా ఊళ్లోని మా పాత ఇంట్లో, స్నేహితుడి దగ్గర తీసుకున్న కెమెరాతో తీశాడు. నాలుగేళ్ల తరవాత నాయనమ్మ పోయింది. ఇప్పుడు నాన్న కూడా లేడు. ఆ టేపును డిజిటల్‌లోకి మార్పించి యూట్యూబ్‌లో పెట్టాను. లింకు ఉన్న మా బంధువులు తప్ప ఇంకెవరూ చూడరు.

వీడియోలో 31వ నిమిషం దాటాక నాయనమ్మ ఒక ఊరి పేరు చెబుతుంది. అది వాళ్ల అమ్మ పుట్టిన ఊరు. సరిగ్గా అప్పుడే రేకుల కప్పు మీద వాన మొదలవుతుంది. "మా యమ్మది పాలకొ..." వరకే వినిపిస్తుంది. మిగిలిన మాట వాన చప్పుడులో కలిసిపోతుంది.

ఆ సగం మాట కోసం ఈ ఏడాది నేను పది రోజులు నా కంప్యూటర్‌తో కుస్తీ పట్టాను. ఆ కథే ఇది. మీ ఇళ్లలో కూడా ఇలాంటి టేపులు ఉంటాయి, ఇలాంటి కంప్యూటర్లు ఉంటాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మా సంగతి చెబుతాను. నేను బాలో పుట్టాను. 1987 మే 14న ఫిజీలో సైనిక కుట్ర జరిగింది. ఆ తరవాత వేల కుటుంబాలు దేశం విడిచి వెళ్లిపోయాయి. మా అమ్మా నాన్నా కాలిఫోర్నియా వచ్చారు. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఇప్పుడు శాక్రమెంటో దగ్గర ఉంటున్నాం. ఇక్కడా, హేవర్డ్‌లోనూ, మొడెస్టోలోనూ మన ఫిజీ వాళ్లు చాలామందే ఉన్నారు. మా ఇంట్లో అందరం ఫిజీ హిందీ మాట్లాడతాం. నాయనమ్మ ఒక్కతే నాతో తెలుగు మాట్లాడేది. వీధిలో అందరికీ ఆమె ఆజీ. నాకు మాత్రం నాయనమ్మ.

తెలుగు చదవడం, రాయడం నాకు నలభై దాటాక వచ్చింది. మా అబ్బాయిని ఆదివారం తెలుగు బడికి తీసుకువెళ్లేదాన్ని. బయట కారులో కూర్చోవడం ఎందుకని నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. అలా ఇద్దరం ఒకేసారి అ, ఆలు దిద్దాం. వాడికిప్పుడు పద్నాలుగేళ్లు. నాకంటే వాడే తొందరగా చదువుతాడు.

నాయనమ్మ తల్లిని తాతమ్మ అంటారు. గిర్మిట్‌లో ఫిజీకి వచ్చింది ఆమె. గిర్మిట్ అన్న మాట మన పెద్దవాళ్లు ఇంగ్లీషు అగ్రిమెంట్‌ను పలికిన తీరు అని మీకు తెలిసే ఉంటుంది. ఐదేళ్ల ఒప్పందం. 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేలమంది అలా ఓడలెక్కి ఫిజీ వచ్చారు. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే వచ్చేవి. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా మొదలయ్యాయి. మొత్తం వచ్చినవాళ్లలో సుమారు నాలుగోవంతు మంది మద్రాసు రేవు నుంచి వచ్చారు. మన తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు ఆ నాలుగోవంతులోనే ఉన్నారు.

ఓడ ఎక్కేముందు ప్రతి మనిషికీ ఒక పాసు రాసేవారు. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. ఆ పాసులు సువాలోని ఫిజీ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. సువాలో మా చిన్నాన్న కొడుకు ఉంటాడు, నాకు తమ్ముడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తాతమ్మ పాసు వెతికే పని వాడు నెత్తిన వేసుకున్నాడు. ఊరి పేరు "పాలకొ" అని మొదలవుతుందని మాత్రం మాకు తెలుసు. వెతగ్గా వెతగ్గా మార్చిలో ఒకరోజు ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక మంచి మాట, ఒక చెడ్డ మాట. తాతమ్మ పాసు దొరికింది."

"మరి చెడ్డ మాట ఏమిటిరా?"

"రెండు దొరికాయి."

పేరు ఒక్కటే, మనుషులు ఇద్దరు. ఒకామె 1908లో వచ్చింది. ఊరు పాలకొల్లు, కృష్ణా జిల్లా. పాలకొల్లు ఇప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. కానీ ఆ జిల్లా 1925లో పుట్టింది. అంతకుముందు ఆ ప్రాంతం కృష్ణాలోనే ఉండేది. రెండో ఆమె 1911లో వచ్చింది. ఊరు పాలకొండ, విశాఖపట్నం జిల్లా. అది ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఒక ఊరు గోదావరి డెల్టాలో, రెండోది ఉత్తరాంధ్రలో. ఒక పాసులో ఎడమ కాలి మీద మచ్చ అని ఉంది, రెండోదానిలో కుడి ముంజేతి మీద కాలిన మచ్చ అని ఉంది. తాతమ్మ చేతిని చూసినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు.

ఇక మిగిలిన సాక్షి నాయనమ్మే. ఆమె కూడా వీడియోలోనే ఉంది. అక్కడ వాన పడుతోంది.

"చెవికి అందకపోతే కంటికి అందుతుందేమో చూడక్కా. పెదవులు చూడు," అన్నాడు తమ్ముడు.

నిజమే కదా అనిపించింది. మీరు ఇప్పుడే అద్దం ముందు నిలబడి ఈ రెండు మాటలూ పలికి చూడండి. పాలకొండ. పాలకొల్లు. "కొ" దగ్గర రెండింటికీ పెదవులు గుండ్రంగా అవుతాయి. తరవాతే తేడా. "కొండ" అన్నప్పుడు పెదవులు మళ్లీ విచ్చుకుంటాయి. "కొల్లు" అన్నప్పుడు చివరిదాకా గుండ్రంగానే ఉండిపోతాయి. అంటే నాయనమ్మ నోరు చివర తెరుచుకుందా, ముడుచుకుందా అన్నది తేలితే చాలు.

కానీ అది ముప్పై ఏళ్లనాటి టేపు. మామూలు కిటికీలో నాయనమ్మ నోరు కందిగింజంత కనిపిస్తుంది. వీడియోను తెర నిండా పెట్టి చూడాలి. పక్కనే ఇంకో తెర మీద మా అబ్బాయి ముఖం కెమెరాలో కనబడుతూ ఉండాలి. వాడు ఒక్కో మాటా నెమ్మదిగా పలుకుతూ ఉంటే, రెండు నోళ్లనూ పక్కపక్కన పోల్చి చూడాలి. అదీ మా ఆలోచన. నాకు ఎలాగూ రెండు మానిటర్లు ఉన్నాయి. నేను లెక్కల ఉద్యోగం చేస్తాను. 2020 నుంచి ఇంటి నుంచే పని. బల్ల మీద ఒకే రకం మానిటర్లు రెండు, వాటికి కలిపి ఒక మ్యాక్ కంప్యూటర్.

ఆ శనివారం అన్నీ సర్దుకుని కూర్చున్నాం. ఎడమ తెర మీద వీడియో. కుడి తెర మీద కెమెరా, దానిలో మా వాడు. కీబోర్డు మీద ఎఫ్ నొక్కాను. యూట్యూబ్‌లో ఎఫ్ నొక్కితే వీడియో తెర నిండా వస్తుంది. వచ్చింది. నాయనమ్మ ఎడమ తెర నిండా వచ్చేసింది.

అదే క్షణంలో కుడి తెర నల్లబడిపోయింది. మా వాడి ముఖం మాయం.

ఎస్కేప్ నొక్కాను. నాయనమ్మ చిన్నదైపోయింది. కుడి తెర మీద మా వాడు తిరిగి ప్రత్యక్షమయ్యాడు. మళ్లీ ఎఫ్. నాయనమ్మ పెద్దదయింది, వాడు పోయాడు. మళ్లీ ఎస్కేప్. ఇలా ఎన్నిసార్లు చేశామో లెక్కలేదు. ఒకరు ఉంటే ఇంకొకరు ఉండరు.

ఇది కొత్తగా వచ్చిన ఇబ్బంది కాదు. ఆ వీడియోలోని మాటలన్నీ కాగితం మీద పెట్టాలని నేను ఏడాదిగా ప్రయత్నిస్తున్నాను. నాయనమ్మ మాట వింటూ, ముఖం చూస్తూ, పక్క తెర మీద టైపు చేయాలని. ప్రతిసారీ ఇదే గొడవ. వీడియో పెద్దది చేస్తే రాసుకునే పేజీ నల్లగా అయిపోతుంది. మానిటర్ పాతదైపోయింది కాబోలు అనుకుని చిన్న కిటికీలోనే చూస్తూ కష్టపడ్డాను. ఒక్క నిమిషం మాటలు రాయడానికి అరగంట పట్టేది. పదకొండో నిమిషం దగ్గర ఆపేశాను. ఆపేశాను అని చెప్పుకోవడం సిగ్గుగానే ఉంది.

ఈసారి మాత్రం వదలదలచుకోలేదు. మొదట కేబుల్ మీద అనుమానం వచ్చింది. కొత్త కేబుల్ కొన్నాను. మారలేదు. రెండు మానిటర్ల కేబుళ్లు అటూ ఇటూ మార్చి పెట్టాను. మారలేదు. ఇంకో బ్రౌజర్‌లో వీడియో తెరిచాను. అక్కడా అంతే. బ్రౌజర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ అని ఒకటి ఉంటుంది. వీడియోను గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే ఏర్పాటు అది. వీడియో బొమ్మ రాకుండా శబ్దం మాత్రమే వస్తున్నా, తెర మిణుకుమిణుకుమంటున్నా దాన్ని ఆపి చూడమంటారు. ఆపి, బ్రౌజర్ మూసి, మళ్లీ తెరిచాను. ఫలితం లేదు. కంప్యూటర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశానో చెప్పను.

పదో రోజు రాత్రి మా వాడు నా వెనక నిలబడి చూస్తున్నాడు. నేను ఎఫ్ నొక్కాను. కుడి తెర నల్లబడింది.

"అమ్మా, మౌస్‌ను ఆ నల్ల తెర మీదికి తీసుకెళ్లు," అన్నాడు.

"దేనికిరా? అది చచ్చిపోయింది కదా."

"తీసుకెళ్లు, చూద్దాం."

తీసుకెళ్లాను. నల్ల తెర మీద చిన్న బాణం గుర్తు ప్రత్యక్షమైంది. అటూ ఇటూ కదిలిస్తే కదులుతోంది.

"చూశావా? తెర చచ్చిపోలేదు. కేబుల్ తప్పూ కాదు. కేబుల్ తప్పయితే బాణం రాదు, సిగ్నల్ లేదని మానిటరే చెబుతుంది. కంప్యూటరే కావాలని ఆ తెరకు నల్ల గుడ్డ కప్పుతోంది," అన్నాడు.

పది రోజులుగా నేను అడగని ప్రశ్న అది. తెర ఆగిపోయిందా, లేక ఎవరైనా మూశారా? రెంటికీ మందు వేరు. ఆగిపోతే కేబులూ మానిటరూ చూడాలి. మూసి ఉంటే సెట్టింగులు చూడాలి.

సెట్టింగులు వెతికాం. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్ తెరిస్తే డెస్క్‌టాప్ అండ్ డాక్ అని ఒక పేజీ ఉంటుంది. దాని అడుగున మిషన్ కంట్రోల్ అనే భాగంలో 'డిస్‌ప్లేస్ హావ్ సెపరేట్ స్పేసెస్' అని ఒక మీట ఉంది. ఏ తెర చోటు దానికి విడిగా ఉంటుందని దాని అర్థం. ఆ మీట వేసి ఉంటే, ఒక తెర మీద వీడియో నిండుగా ఆడుతున్నా రెండో తెర తన పని తాను చేసుకుంటుంది. ఆపేసి ఉంటే రెండు తెరలూ కలిసి ఒకే చోటు కింద లెక్క. ఆ చోటంతా వీడియోకే ఇచ్చేస్తుంది కంప్యూటర్. వీడియో ఒక తెర మీదే సరిపోతుంది కాబట్టి రెండోది ఖాళీగా, నల్లగా మిగిలిపోతుంది.

మా కంప్యూటర్‌లో ఆ మీట ఆపేసి ఉంది.

"ఎవరు ఆపారమ్మా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆపింది నేనే. 2020లో ఈ బల్ల కొత్తగా సర్దుకున్నప్పుడు, నా లెక్కల పట్టీ చాలా వెడల్పుగా ఉండేది. దాన్ని రెండు తెరల మీదా ఒకే పట్టీలా పరచాలనుకున్నాను. మీట వేసి ఉంటే ఒక కిటికీ రెండు తెరల మీదికి పాకదు. అందుకని ఆపేశాను. ఉద్యోగం పని బాగా సాగింది. ఆ సంగతే మరిచిపోయాను. నా సౌకర్యం కోసం నేను చేసిన మార్పే ఇన్నాళ్లూ నాయనమ్మకు అడ్డుపడింది. ఊరికే కేబుళ్లను తిట్టాను.

మీట వేశాం. ఈ మార్పు అప్పటికప్పుడు పని చేయదు. ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లోపలికి రావాలి. వచ్చాం. ఎడమ తెర మీద వీడియో తెరిచి ఎఫ్ నొక్కాను. నాయనమ్మ తెర నిండా వచ్చింది. కుడి తెర మీద మా వాడు పళ్లికిలిస్తూ అలాగే ఉన్నాడు.

ఇద్దరూ ఒకేసారి కనబడటం అదే మొదటిసారి. నుదురు ఒకటే. చెవులు కూడా. నేను కొంతసేపు ఏమీ నొక్కకుండా చూస్తూ ఉండిపోయాను. "అమ్మా, పని," అని వాడే గుర్తు చేశాడు.

31వ నిమిషానికి వెళ్లాం. యూట్యూబ్‌లో వేగాన్ని పావు వంతుకు తగ్గించవచ్చు. ఇంకా వివరంగా కావాలంటే వీడియోను ఆపి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో బొమ్మ ముందుకు జరుగుతుంది. కామా నొక్కితే వెనక్కి. అలా ఒక్కో బొమ్మా జరుపుకుంటూ వచ్చాం. నాయనమ్మ "పా" దగ్గర నోరు తెరిచింది. "కొ" దగ్గర పెదవులు గుండ్రంగా అయ్యాయి. కుడి తెర మీద మా వాడు కూడా గుండ్రంగా పెట్టి ఆగాడు.

"ఇప్పుడు కొల్లు అను," అన్నాను. వాడి పెదవులు అలాగే ముందుకు ఉండిపోయాయి.

"ఇప్పుడు కొండ." విచ్చుకున్నాయి.

ఫుల్‌స్టాప్ నొక్కాను. ఇంకోసారి. ఇంకోసారి. నాయనమ్మ పెదవులు విచ్చుకున్నాయి. కింది వరసలో పళ్లు లేని చోటు కూడా కనిపించింది. వెనక్కి జరిపి మళ్లీ చూశాం. ఐదారుసార్లు చూశాం. ప్రతిసారీ విచ్చుకున్నాయి.

పాలకొండ.

సువాలో అప్పుడు సాయంత్రం. తమ్ముడికి ఫోన్ చేశాం. వాడు వెంటనే నమ్మలేదు. "బొమ్మ మసగ్గా ఉంటుంది కదక్కా, ఇంకో రుజువు కూడా ఉంటే బాగుండు," అన్నాడు. న్యాయమే. పెదవులు ఒక్కటే చూసి పుట్టిన ఊరు తేల్చేయకూడదు.

ఇప్పుడు రాసుకోవడం సులువైంది కదా. పదకొండో నిమిషం దగ్గర ఆపేసిన పని మళ్లీ మొదలుపెట్టాను. ఎడమ పక్క నాయనమ్మ, కుడి పక్క నా పేజీ. రోజూ రాత్రి రెండు మూడు నిమిషాల మాటలు రాసేదాన్ని. పంతొమ్మిదో నిమిషంలో ఒక వాక్యం వచ్చింది. "మా యమ్మ గుంటగా ఉన్నప్పుడే ఓడెక్కీసింది." నాకు గుంట అంటే గొయ్యి అనే తెలుసు. తాతమ్మ గోతిలో ఉన్నప్పుడు ఓడ ఎక్కడమేమిటి? నేనే తప్పు విన్నాను అనుకున్నాను. తెర నిండా పెట్టి చూశాను. గుంట అనే అంది. సందేహమే లేదు. ఇరవై నాలుగో నిమిషంలో "ఏటి సేస్తాం" అని వచ్చింది. ఆ మాట మాత్రం నాకు బాగా తెలుసు. పాలు పొంగిపోయినా, తుఫాను వచ్చినా నాయనమ్మ ఆ మాటే అనేది.

ఆదివారం బడిలో టీచరమ్మకు ఆ కాగితం చూపించాను. ఆవిడది శ్రీకాకుళం వైపు. చదువుతూ చదువుతూ నవ్వేశారు.

"గుంట అంటే మా వైపు ఆడపిల్ల అండి. గుంటడు అంటే మగపిల్లాడు. ఏమిటి అనడానికి ఏటి అంటాం. ఎక్కేసింది అనడానికి ఎక్కీసింది అంటాం. మీ నాయనమ్మగారు అచ్చం మా అమ్మమ్మలా మాట్లాడుతున్నారు."

ఇది కూడా పూర్తి రుజువు కాదని నాకు తెలుసు. నాయనమ్మ పుట్టింది ఫిజీలో. కూలీ లైన్లలో ఒక్కో గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. పక్క గదుల్లో ఎన్ని జిల్లాల వాళ్లు ఉండేవారో. పక్కింటి మాట ఎవరి నోట్లోకైనా వస్తుంది. కానీ బిడ్డకు మొదటి మాటలు నేర్పేది తల్లే కదా. పెదవులు ఒక మాట చెప్పాయి, యాస అదే మాట చెప్పింది. తమ్ముడు ఈసారి అభ్యంతరం చెప్పలేదు. 1908 పాసును ఒక కవరులో పెట్టి, "ఈమె వేరే ఇంటి తాతమ్మ. వాళ్లు కూడా వెతుక్కుంటూ ఉంటారు," అన్నాడు. దాన్ని జాగ్రత్తగా దాచాడు.

మీకు కూడా ఇలా జరిగితే ఏం చేయాలో రెండు ముక్కలు చెబుతాను. ముందు మౌస్‌ను నల్ల తెర మీదికి తీసుకెళ్లండి. బాణం కనిపిస్తే తెర బాగానే ఉంది. మ్యాక్ అయితే పైన చెప్పిన మీట చూడండి. విండోస్ అయితే, బ్రౌజర్ ఏ తెర మీద ఉందో వీడియో ఆ తెర మీదే నిండుతుంది. వేరే తెర మీద కావాలంటే ముందు ఎస్కేప్ నొక్కి వీడియోను మామూలుగా చేయండి. తరవాత విండోస్, షిఫ్ట్ మీటలు నొక్కి పట్టుకుని బాణం మీట నొక్కితే కిటికీ పక్క తెర మీదికి వెళుతుంది. రెండు తెరల మీదా ఒకే బొమ్మ కనబడుతుంటే విండోస్ మీటతో పాటు పి నొక్కి, ఎక్స్‌టెండ్ ఎంచుకోండి.

డబ్బు కట్టి చూసే సినిమాలు మాత్రమే నల్లగా వస్తూ, మిగతా వీడియోలు బాగానే ఆడుతుంటే కారణం వేరు. ఆ సినిమాలకు కాపీ రక్షణ ఉంటుంది. కంప్యూటర్, కేబుల్, మానిటర్ మూడూ దానికి ఒప్పుకోవాలి. పాత వీజీఏ కేబుల్ ఒప్పుకోదు. మన ఇళ్లలోని టేపులకు ఆ బాధ లేదు.

రెండో తెర లేనివాళ్లు దిగులు పడకండి. చాలా బ్రౌజర్లలో పిక్చర్ ఇన్ పిక్చర్ అనే సదుపాయం ఉంది. వీడియో చిన్న కిటికీగా విడిపోయి అన్నిటికంటే పైన నిలుస్తుంది. మూల పట్టుకుని లాగితే కొంత పెద్దది కూడా అవుతుంది. దాని పక్కనే కూర్చొని రాసుకోవచ్చు. రాసేటప్పుడు మాత్రం ఒక సంగతి మరవకండి. పెద్దవాళ్ల మాటను పుస్తకం భాషలోకి దిద్దకండి. గుంటను నేను గొయ్యి అనుకుని తీసేసి ఉంటే, ఆ సాక్ష్యం పోయేది.

ఏటా మే 14న మనం గిర్మిట్ రోజు జరుపుకుంటాం. 1879లో మొదటి ఓడ లియోనిడాస్ ఫిజీ చేరిన రోజది. ఫిజీలో 2023 నుంచి దానికి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. ఈసారి మా ఇంట్లో జరిగిన చిన్న సభలో మా వాడు నాయనమ్మ మాటలు రెండు పేజీలు చదివాడు. "ఓడెక్కీసింది" దగ్గర ఒకసారి తడబడ్డాడు. సువా నుంచి వీడియో కాల్‌లో చూస్తున్న తమ్ముడు అందించాడు.

సభ అయ్యాక వాడు తాతమ్మ పాసు తీసి చూశాడు. వయసు 18. ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. కుడి ముంజేతి మీద కాలిన మచ్చ. పెన్సిలూ టేపూ తెచ్చి, తన ఎత్తు గీతలు ఉన్న గుమ్మం మీదే, 4 అడుగుల 10 అంగుళాల దగ్గర ఒక గీత గీశాడు. వాడు పదకొండేళ్లప్పుడు అంత ఎత్తు ఉన్నాడు. గీత పక్కన తెలుగులో "తాతమ్మ, పాలకొండ" అని రాశాడు.

లెక్కల పట్టీ ఇప్పుడు రెండు తెరల మీదికి పాకడం లేదు. ఒక తెరలోనే అటూ ఇటూ జరుపుకుంటూ పని చేసుకుంటున్నాను. వీడియోలో ఇంకా ఆరు నిమిషాలు రాయాల్సి ఉంది.